చెల్లెలికి వెళ్లిన కోర్టు నోటీసు

కరోనాకు ముందు ఏడాది. హనుమకొండలో కోర్టు దగ్గరే నా చిన్న వకీలు ఆఫీసు. ఒక మధ్యాహ్నం మల్లేశం గారు వచ్చారు. వరంగల్ బజారులోని స్టీలు సామాన్ల దుకాణం ఆయన తమ్ముడు సంపత్‌ది. అన్న అందులోనే పని చేస్తూ ఇల్లు నడుపుకొనేవాడు. పెళ్లి కాని సంపత్ గుండెపోటుతో పోయాడు. వీలునామా లేదు. నలభై నిండని మనిషికి ఆ ఆలోచన ఎందుకు వస్తుంది?

దుకాణానికి తాళం పడింది, బ్యాంకు ఖాతా ఆగిపోయింది. ఇలాంటప్పుడు కోర్టును లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అడుగుతాం. అంటే, పోయిన మనిషి ఆస్తిని సంభాళించి, బాకీలు తీర్చి, వారసులకు పంచే అధికారం. తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు కాబట్టి వారసులు ఇద్దరే: మల్లేశం గారు, రఘునాథపల్లిలో ఇచ్చిన చెల్లెలు స్వరూప. అడిగేది అన్న కనుక చెల్లెలిని రెస్పాండెంట్‌గా, అంటే ప్రతివాదిగా చూపించాలి. తగాదా లేకపోయినా పద్ధతి అదే.

"నోటీసు పోకముందే మీరు పోయి చెప్పి రండి," అన్నాను. సరేనని తలూపారు. పోలేదు.

వాయిదాకు ముందురోజు స్వరూప నా ఆఫీసుకు వచ్చింది. నోటీసు మడతలు విప్పి బల్ల మీద పెట్టింది.

"మా అన్న నా మీద కేసేసిండు మేడం. నేనేం తప్పు జేసిన?"

కేసు కాదమ్మా, మీ సగం మీకు ఉంటుంది, కావాలంటే వేరే వకీలును పెట్టుకోండి అని చెప్పాను. సగం మాట ఆమె చెవికి ఎక్కనే లేదు.

"పోస్టాయన తెచ్చిచ్చిండు. ఊరంతా అడుగుతాన్రు. అన్న ఒక్కసారి వచ్చి చెప్తే అయిపోతుండె గదా? రేపు నేను ఒప్పుకోనని చెప్త."

ఆమె కాదంటే పిటిషన్ దావాగా మారుతుంది. ఏళ్లకేళ్లు దుకాణానికి తాళమే. మల్లేశం గారి ఇల్లు ఎలా గడవాలి?

మర్నాడు కోర్టు వరండాలో ఆయన్ని గట్టిగానే నిలదీశాను. "ఎందుకు పోలేదు?"

ఆయన గోడ వైపు తిరిగారు. "ఏం మొఖం పెట్టుకొని పోవాలె మేడం? ఆడివిల్లకు ఐదేండ్లకోసారన్న ఇంటికి పిలిచి ఒడిబియ్యం పొయ్యాలె. చీరె పెట్టాలె. ఆ ఏడు దాటిపాయె, నాతోని కాలే. గిప్పుడు తమ్ముడు పోయి ఏడాది గాలే, అందాక ఒడిబియ్యం పొయ్యరాదు. ఆ బాకీ ఉంచుకొని ఆస్తి సంగతి మాట్లాడ పోవుడేంది అనుకున్న."

నా వెనుకే స్వరూప నిలబడి ఉంది. నేను గమనించలేదు. అంతా విన్నది. నేరుగా కోర్టు హాల్లోకి పోయింది.

జడ్జి గారు అడిగారు. "మీ అన్నకు ఈ అధికారం ఇస్తే మీకేమైనా అభ్యంతరమా?"

ఆమె కొంగు సర్దుకుంది.

"లేదు సార్. తమ్ముని దుకాణం తెరవాలె. అన్ననే చూసుకోవాలె."

బయటికి వచ్చాక మల్లేశం గారు ఆమె వైపు రెండడుగులు వేశారు. ఆమే ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏడాది తిరిగినంక నన్ను ఇంటికి పిలువు అన్నా. చీరె వద్దు. బియ్యం మా పొలంలయే తెస్త. నువ్వు నా ఒళ్లె పోస్తె సాలు."

బియ్యం పుట్టింటివే ఉండాలి. అది తెలియని ఆడపిల్ల ఈ జిల్లాలో లేదు. మల్లేశం గారు అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నల్లకోటు వేసుకున్నాననైనా చూసుకోకుండా నేనూ ఏడ్చాను.

ఇప్పుడు ఇలాంటి పిటిషన్ కోసం ఎవరొచ్చినా, ముందు మిగతా వారసుల ఇంటికి పోయి, కూర్చుని, మీ నోటితో చెప్పి రండి అంటాను. చెప్పి వచ్చామంటే నమ్మను, అక్కడి నుంచే వాళ్లతో నాకు ఫోన్ చేయించమంటాను. ఆ తర్వాతే కాగితాల మీద సంతకం. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.