నోయిడా ఇస్తోంది, మానేసర్ పుచ్చుకుంటోంది

తాటాకుల కాలంలో నకలు రాసేవాళ్ళకు ఒక సుఖం ఉండేది. మూలం ఏదో, నకలు ఏదో కంటికే తెలిసేది. పాత ఆకు నల్లబడి ఉంటుంది, కొత్తది పచ్చగా ఉంటుంది. నకలు పూర్తయ్యాక తప్పులుంటే మన్నించమని చివర ఒక మాట రాసుకునేవారు కూడా. కమలాకుమారి పనిలో ఆ సుఖమూ లేదు, ఆ మన్నింపూ లేదు.

నోయిడాలో ఒక గదినిండా కంప్యూటర్ డిస్కులు, వాటిని చూసుకోవడమే ఆమె పని. ఢిల్లీకి అవతల మానేసర్‌లో అచ్చం అలాంటిదే ఇంకో గది. ఒక ఆసుపత్రుల సంస్థ తీసే స్కాన్‌లన్నీ ముందు నోయిడాలో పడతాయి, పడ్డవి పడ్డట్టు మానేసర్‌కు నకలవుతాయి. ఒకటి కాలిపోయినా రెండోది మిగలాలని. ఆ రెంటినీ కలిపే తీగ గుర్‌గావ్ రోడ్ల కింద నుంచి పోతుంది. ఆ రోడ్ల సంగతి తెలిసిందే, ఒకరు వేస్తుంటే వెనకాలే ఇంకొకరు తవ్వుకుంటూ వస్తారు. తీగ తెగితే నకలు ఆగిపోతుంది. అతికాక మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఎవరు ఎవరికి ఇవ్వాలో మనిషి చెప్పాలి.

కమలాకుమారి చేరకముందు ఎవరో అది తిరగేసి చెప్పారట. పాత నకలున్న డిస్కులు ఇచ్చేవయ్యాయి, తాజా స్కాన్‌లున్నవి పుచ్చుకునేవయ్యాయి. ఆ రోజు తీసిన స్కాన్‌లన్నీ గుటుక్కుమన్నాయి. జబ్బు మనుషుల్ని మళ్ళీ పిలిపించి మళ్ళీ పడుకోబెట్టాల్సి వచ్చింది. యంత్రానికేం, చెప్పింది చేసింది.

అప్పటినుంచి ఒక ఆచారం. రెండుచోట్ల ఉన్న ఇద్దరూ ఫోన్‌లో ఊరిపేర్లతో పైకి చెప్పుకోవాలి. ఈమె "నోయిడా ఇస్తోంది" అంటుంది. అవతలి గది చూసుకునే అంకయ్య "మానేసర్ పుచ్చుకుంటోంది" అంటాడు. ఆ తర్వాతే మీట నొక్కడం.

అంకయ్యది చీరాల, ఆమెది తుని. మొదటిసారి ఇద్దరూ హిందీలోనే కానిచ్చారు. ఆమె "ఠీక్ హై" అన్న యాస విని అతను, మనవాళ్ళేనా అని అడిగాడు. తర్వాత, "పెళ్ళిళ్ళలో పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇంత గట్టిగా చెప్పుకోరు మేడమ్," అని ఆటపట్టించాడు. ఏళ్ళు గడిచినా ఒకరి మొహం ఒకరు చూడలేదు. అతని పిల్లలు ఏం చదువుతున్నారో, అసలు పిల్లలున్నారో లేదో ఆమెకు తెలియదు. ఆమె ఒంటరిదన్న సంగతి అతనికి తెలుసో లేదో కూడా తెలియదు.

ఆఫీసు నుంచి జనక్‌పురిలోని అద్దెగది దాకా మెట్రోలో చాలా దూరం. ఢిల్లీ మెట్రోలో ఆ దూరమంతా "భయ్యా, జరా సైడ్" అని దారి అడగడం తప్ప నోరు విప్పకుండా పోవచ్చు. ఇల్లుగలావిడకు ఆమె ఆంటీ, ఆఫీసులో మ్యామ్. రోజు మొత్తంలో ఆమె నోట తెలుగు పలికేది ఆ ఫోన్‌లోనే.

రెండేళ్ళ కిందట కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. మూడోచోట ఒక చిన్న యంత్రం కూర్చుని రెండు గదుల్నీ కనిపెట్టుకుని ఉంటుంది. తీగ అతకగానే ఏది తాజాదో తనే తేల్చి, తనే మొదలుపెడుతుంది. సెట్టింగుల్లో ఒక టిక్కు పెడితే చాలు. కమలాకుమారే దాన్ని రకరకాలుగా పరీక్షించింది, ఒక్కసారీ తప్పలేదు. పరీక్షలయ్యాక ఆ టిక్కు తీసేసింది. ఎవరైనా అడిగితే చెప్పడానికి జాగ్రత్త అన్న మాట సిద్ధంగా పెట్టుకుంది. రెండేళ్ళూ ఎవరూ అడగలేదు.

చివరికి అడిగింది ఇషిత, ఈ మధ్యే వచ్చిన మేనేజరు. తల్లిదండ్రులది ఏలూరు, తను పుట్టి పెరిగింది ఢిల్లీలో. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. ఒక మధ్యాహ్నం కుర్చీ పక్కన నిలబడి అది ఎందుకు ఆపి ఉందని అడిగింది. కమలాకుమారి జాగ్రత్త అంది. పరీక్షలో ఎప్పుడైనా తప్పిందా అంటే, లేదంది.

"తో ఫిర్, మ్యామ్?" మరైతే ఎందుకని.

కమలాకుమారి తెరమీద ఆ పేజీ మూయబోయింది. ఆ పిల్ల ఆ ఫోన్లు ఎన్నిసార్లు విన్నదో ఏమో, గొంతు తగ్గించి, రాని తెలుగులో కూడబలుక్కుని అంది:

"పని లేకుండా కూడా... మాట్లాడొచ్చు కదా, మ్యామ్."

ఆమె ఎదుటే కమలాకుమారి టిక్కు పెట్టింది.

మర్నాడే జేసీబీ ఎక్కడో తీగ తెంపింది. సాయంత్రానికి అది అతికింది, ఆమె టీ తాగి వచ్చేలోగా నకలు దానంతటదే మొదలైంది. ఎవరు ఎవరికి ఇవ్వాలో అదీ తప్పలేదు. ఫోన్ మాత్రం మోగలేదు. ఆ తర్వాతా మోగలేదు. అంకయ్య పని ఉండబట్టే మాట్లాడాడు, లేకపోతే ఎందుకు మాట్లాడతాడు అనుకుంది. ఇన్నేళ్ళూ తను దాచుకున్నది స్నేహమో, ఉత్త డ్యూటీయో, తనే ఫోన్ చేసి చూస్తేగాని తేలదు. చేస్తే తేలిపోతుందనే భయం. అలా వారం పైగా గడిపి, చివరికి ఆఫీసు మెట్లమీదికి పోయి అతని నంబరు నొక్కింది.

"ఏమైంది మేడమ్, తెగిందా?"

"లేదండీ. బాగానే నడుస్తోంది."

"మరి?"

ఊరికే చేశానంది. అవతల యంత్రాల హోరు తగ్గింది, అతను గది బయటికి వచ్చినట్టున్నాడు.

"ఆ టిక్కు మా వైపు కూడా కనపడుద్ది మేడమ్," అన్నాడు అంకయ్య. "రెండేళ్ళబట్టీ మీరు దాన్ని తీసేసి ఉంచడం చూస్తానే ఉన్నా. మొన్న మీరు పెట్టేశారు. సర్లే, నాతో విసుగొచ్చిందేమో అనుకున్నా."

"విసుగు కాదండీ," అంది ఆమె.

పని లేకుండా ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. ఫోన్ పెట్టేస్తాడేమోనని ఆమె గబగబా, ఇవాళ దొండకాయ వేపుడు తెచ్చుకున్నానని చెప్పింది.

"ఇక్కడివి ముదురండీ," అన్నాడు అంకయ్య. "గింజలే ఉంటయ్యి. మీరు ఏడ కొంటారు?"

ఆమె మెట్టుమీద కూర్చుని, జనక్‌పురి సంత గురించి చెప్పడం మొదలుపెట్టింది.