తెల్ల కాగితం మీద నల్ల చుక్కలు

రెండేళ్ల కిందట, రంజాన్ వెళ్లిన వారానికి, సౌదీలో అల్ ఖోబర్‌లోని అల్ అజీజియా రూటుకు నన్ను టెక్నీషియన్‌గా వేశారు. పురుగుల మందు కొట్టే సంస్థలో అయిదేళ్లు హెల్పర్‌గా పంపు మోశాక దక్కిన హోదా అది. ఇప్పుడు ఇక తిరిగి వెళ్లే పని లేకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని జగిత్యాలలో ఉన్నాను. ముప్ఫై మూడేళ్లకే రిటైర్మెంటా అని నవ్వేవాళ్లున్నారు. అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా, రద్దయితే అంతే. పెన్షన్ తప్ప అన్నీ వస్తాయి, నడుం నొప్పితో సహా.

మా పనిలో కాల్‌బ్యాక్ అనే మాట ఉంది. మందు కొట్టిన ఇంట్లో నెలలోపు మళ్లీ పురుగు కనబడితే ఉచితంగా తిరిగి వెళ్లాలి. ఏడాదిలో రెండు పడితే టెక్నీషియన్ మళ్లీ హెల్పరే. నాకు అప్పటికే ఒకటి పడింది, ఒక బొద్దింక పుణ్యమా అని.

ఆ రూటులో అబూ తుర్కీ అనే బడి పంతులు ఇంటికి చీమల మందుకని వెళ్లాను. ఆయన గాజు తొట్టిలో ఒక కొండచిలువను తొమ్మిదేళ్లుగా పెంచుతున్నాడు. పేరు అమీరా, అంటే యువరాణి. పరుపు మాత్రం మన నర్సరీల్లో మొక్కలకు వేసే కొబ్బరి పొట్టే. యువరాణి రెండు రోజులుగా నీళ్ల గిన్నెలోంచి లేవడం లేదన్నాడు. చూస్తే పొలుసుల సందుల్లో గసగసాలంత నల్ల పురుగులు. ఆ బాధకే అది నీళ్లలో పడి ఉంది.

అలాంటి తొట్టిలో మా మందు కొట్టకూడదు. పురుగుతోపాటు పామూ పోతుంది. కొబ్బరి పొట్టు మొత్తం సంచిలో కట్టి పారేయాలి. తొట్టిని వేడినీళ్లతో కడిగి, మూలలు ఆరబెట్టి, తెల్ల కాగితం పరిచి రోజూ మార్చాలి. గుడ్లు పగిలి కొత్తవి వస్తూనే ఉంటాయి కనుక వారాలు పడుతుంది. పాము ఒంటి మీదివి పశువుల డాక్టరు చూడాలి. ఇదంతా చేసి, చెప్పి, ఫారంలో 'తొట్టికి మందు కొట్టలేదు' అని కాస్త గర్వంగానే రాసి వచ్చాను.

మర్నాడే ఫిర్యాదు. నిన్నటిదాకా తొట్టిలో ఒక్క పురుగు లేదట, మీవాడు కాగితం వేశాకే వచ్చాయట. తడికి నల్లబడిన పొట్టులో కనబడనివి తెల్ల కాగితం మీద కనబడ్డాయి, అంతే.

మా సూపర్‌వైజర్ ఖాదర్ అన్నది కడప. హోదా పెద్దదైనా మా గదిలోనే, నా కింది మంచం.

"ఏంది అబ్బీ, పురుగుల్ని సంపమంటే లెక్కబెట్టనీకి కాగితం పరిసొచ్చినావా?"

"మందు గొడితె పాము సస్తదన్నా. నాలుగు వారాలు ఆగుమందాం."

"నాలుగు వారాలు నువ్వు హెల్పర్‌గా ఆగుతావా? పాము సస్తే కాల్‌బ్యాక్ పడదు, పురుగు బతికితే పడతాది. పొయ్యి కొట్టు."

వెళ్లాను. అన్న బలవంతపెట్టాడని రాసుకోవచ్చు గానీ, పంపు మీద వేలు నాదే. అమీరాకు ఏమీ కాదు కదా అని అబూ తుర్కీ అడిగాడు. 'మాఫీ ముష్కిల్', ఇబ్బందేం లేదు, అన్నాను. గల్ఫ్‌లో ఏ అబద్ధానికైనా సరిపోయే అరబ్బీ అది.

మర్నాడు కాగితం మీద చుక్క లేదు. ఆయనే ఆఫీసుకు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. మూడో రోజు అమీరా వెల్లకిలా పడి, బోర్లా తిరగలేక చచ్చిపోయింది. చీమలకు రెండో విడత కొట్టడానికి వెళ్లినప్పుడు తెలిసింది. పురుగులు రక్తమంతా తాగేశాయి, నువ్వు మొదటి రోజే మందు కొట్టి ఉంటే బతికేదేమో అన్నాడు. కోపంగా కూడా కాదు. ఏలకుల ఖహ్వా, వాళ్ల కాఫీ, పోసి ఇచ్చాడు. తాగాను. నిజం చెప్పలేదు. ఫారంలో 'పురుగులు: లేవు' అని రాసి సంతకం తీసుకున్నాను. పాముకు అందులో గడి లేదు.

మా గదిలో సంస్థ ఇచ్చిన దుప్పట్లన్నీ ముదురు గోధుమరంగువి. ఆ వారం నేనొక తెల్ల దుప్పటి కొని పరిచాను. పొద్దున లేచేసరికి దాని మీద నల్లులు, నెత్తుటి చుక్కలు. ఖాదర్ అన్న తొంగి చూశాడు.

"నీ తెల్లగుడ్డ వచ్చినాకే రా ఈ నల్లులు మొదలైంది. తియ్ ముందు."

తీశాను.

ఈ వృత్తి నేర్పింది ఒకటే. పురుగును చూపించినవాణ్ణే పురుగును తెచ్చినవాడంటారు. ఆ మాట పడటం కష్టమేమీ కాదు, పడినవాడు హెల్పర్ అవుతాడు, అంతే. నేను అది పడలేకే మందు కొట్టాను.