మంగోలియాలో మా బావ గెలిచిన కుస్తీ

పోయిన ఆదివారం మార్కాపురంలో ఒక నిశ్చితార్థం భోజనాల దగ్గర మా బావ మళ్లీ ఆ ఫొటో బయటికి తీశాడు. ఫోను చుట్టూ తిప్పి చూపిస్తూ, మంగోలియాలో గొర్రెల కాపరులు కుస్తీకి పిలిస్తే వాళ్లలో మొనగాణ్ణి తాను ఎలా పడేశాడో చెబుతున్నాడు. ఫొటోలో నీలం అంగీ వేసుకున్న ఒక పెద్దమనిషి మా బావ చంక కింద తల వంచి ఉన్నాడు. ఆరేళ్లుగా ఈ కథ వింటున్నాను. ఆ రోజు మాత్రం విస్తరి ముందు నుంచి లేచి, అది అబద్ధమని అందరి ముందూ అనేశాను. అప్పటి నుంచి మా అక్క నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోనీ. ఆ ఫొటో తీసింది నేను. జరిగింది చెప్పవలసిందీ నేనే.

నేను పశువుల డాక్టరుగా కొనకనమిట్ల, వెలిగండ్ల వైపు పనిచేసి రిటైరయ్యాను. బావకు పలకల రాయి వ్యాపారం. తోటి వ్యాపారులతో కలిసి ఆ దేశం పోతూ, "జీవాల డాక్టరువి, నువ్వు చూడకపోతే ఎట్ల?" అని నన్నూ బయలుదేరదీశాడు. మిగతావాళ్లు నగరంలో ఆగిపోయారు. మేమిద్దరం ఒక జీపు మాట్లాడుకుని, ఇంగ్లీషు వచ్చిన ఒక అమ్మాయిని దుబాసీగా వెంటబెట్టుకుని గడ్డి మైదానాల్లోకి పోయాము. రెండో రోజు వాగు దాటుతుంటే జీపు బురదలో కూరుకుపోయింది. మేము పిలవకముందే ఒక కాపరి గుర్రాలతో వచ్చి, తాళ్లు కట్టి లాగించి, మమ్మల్ని తన గుడారానికి తీసుకుపోయాడు. మేమెవరమో, ఏ కులమో, ఎన్నాళ్లుంటామో అడగలేదు. కొనకనమిట్లలో మా ఆసుపత్రికి గొర్రెలు తోలుకొచ్చిన కాపర్లను ఎండలో నిలబెట్టి, "ఏందిరా" అని పిలిచే వాళ్ల మధ్య నేను ఉద్యోగం చేశాను. నాకు అది వింతగానే అనిపించింది.

మందపాటి ఉన్ని కంబళ్లు చుట్టిన గుండ్రటి గుడారం అది. మధ్యలో ఇనుప పొయ్యి, అందులో ఎండిన పేడ మంట. ఆ పొగ అచ్చం మన పిడకల పొగే. కాపరి భార్య ముందు ఉప్పు వేసిన పాల టీ ఇచ్చింది. తర్వాత తోలు సంచిలో పులియబెట్టిన గుర్రం పాలు గిన్నె నిండా పోసి రెండు చేతులా అందించింది. పుల్లగా, నాలుక చురుక్కుమనేలా ఉన్నాయి. రెండో గిన్నెకు నాకు నచ్చాయి. బావ మాత్రం ఒక గుక్క నోట్లో పోసుకుని, వాకిట్లోకి పోయి ఉమ్మి వచ్చాడు. ఆమె చూసి కూడా చూడనట్టు ఆయనకు వేడి నీళ్లు కాచిచ్చింది. మేము వెంట తెచ్చుకున్న గోంగూర పచ్చడిని కాపరి చెంచాతో తిని, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా బాగుందని తల ఊపి, ఇంకో చెంచా వేయించుకున్నాడు. రాత్రికి మా కోసం పొట్టేలును కోసి, కొవ్వు పట్టిన తోక ముక్క మొదట మాకే పెట్టారు.

మర్నాడు చుట్టుపక్కల కాపరులంతా ఆటలకు కూడారు. గుర్రాల పరుగు, బాణాల గురి అయ్యాక కుస్తీలు మొదలయ్యాయి. మోకాలో మోచెయ్యో ముందు నేలకు తాకినవాడు ఓడినట్టు. ఓడినవాడు గెలిచినవాడి చెయ్యి కింద నుంచి తల వంచి పోవాలి. అందులో అవమానమేమీ లేదని, ఎదుటివాడి బలానికి మర్యాద చేయడమేనని దుబాసీ అమ్మాయి ముందే చెప్పింది. కాలేజీలో కబడ్డీ ఆడిన బావ తానూ దిగుతానన్నాడు. అతిథికి దెబ్బ తగులుతుందేమోనని కుర్రవాళ్లు వెనకాడితే, అరవైకి దగ్గర పడిన మా కాపరే నవ్వుతూ వచ్చాడు. నేను ఫోను తీసేలోగా బావ నేల మీద ఉన్నాడు. తల నేలకు కొట్టుకోకుండా కాపరి తన చెయ్యి అడ్డం పెట్టాడు. లేపి, చొక్కాకంటిన గడ్డి దులిపి, ఆచారం ప్రకారం చెయ్యి ఎత్తి నిలబడ్డాడు.

"గొర్లు కాసేటోని చంక కింద నేను దూరాల్నా?" అన్నాడు బావ. అని ఆ చేతిని తోసేశాడు.

తెలుగు మాట గనక ఆ అమ్మాయి దాన్ని తర్జుమా చేయలేకపోయింది. చేయనక్కరలేదు కూడా. కాపరి దగ్గరికి వచ్చి, బావ చెయ్యి తానే పైకెత్తి దాని కింద నుంచి తల వంచి పోయాడు. జనం చప్పట్లు కొట్టారు. నా వేలు అప్పుడే ఫోను నొక్కింది.

ఇంటికి వచ్చినవాడు సిగ్గుతో నిలబడకూడదని అలా చేశాడట. సాయంత్రం ఆ అమ్మాయి ఆ మాట చెబితే, "చూసినావా, వాడే ఒప్పుకున్నాడు" అని బావ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అక్క మొగుడు, నా టికెట్టు కొన్నవాడు. కొనకనమిట్లలో మూసుకున్నట్టే అక్కడా నోరు మూసుకున్నాను. ఇప్పటికీ బావ మీద ఎంత కోపముందో, నా మీదా అంతే ఉంది.

మేము బయలుదేరుతుంటే ఆ ఇల్లాలు గరిటెతో పాలు తీసి, క్షేమంగా పోవాలని జీపు వెనక చల్లింది. బావను దింపి, వాళ్ల ముందు తప్పయిందని చెప్పించడానికి అప్పుడు నాకు అర నిమిషం చాలేది. నేను ఆరేళ్లు తీసుకున్నాను. ఆ పెద్దమనిషి ఈపాటికి ఏ గడ్డిలో మంద మేపుకుంటున్నాడో, అసలు ఉన్నాడో లేదో.