కరివేపాకు దొంగ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా తెనాలి ఇంటి పెరట్లో ఒక్కటంటే ఒక్కటే కరివేపాకు మొక్క ఉండేది. పులిసిన మజ్జిగ పోసి పోసి పిట్టగోడంత ఎత్తు పెంచాను. పక్కింటి పిన్నిగారు తాలింపు వేసే ముందు గోడ మీదుగా చెయ్యి చాపి ఒక రెబ్బ తుంచుకునేవారు. కరివేపాకుకి అడిగేదేముంది? రంజాన్‌కి ఆవిడ పంపే సేమ్యా పాయసానికి నేనేమైనా థాంక్స్ చెప్పానా?

ఒకసారి రేపల్లెలో పెళ్లికెళ్లి నాలుగు రోజులకి తిరిగొచ్చేసరికి మొక్కకి దాదాపు ఈనెలే మిగిలాయి. నాకు అసలే ముక్కు మీద కోపం.

"ఏంటండీ పిన్నిగారూ, రెబ్బ తుంచుకుంటారనుకుంటే చెట్టంతా దూసేశారు?" అనేశాను.

ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు నీళ్లు పోస్తుంటే దొంగ దొరికింది. చిటికెన వేలంత పచ్చటి గొంగళిపురుగు! మిగతావాటిని పిట్టలు ఎత్తుకెళ్లాయో ఏమో, ఇదొక్కటే నింపాదిగా నములుతోంది. పుల్లతో తాకితే నెత్తిన రెండు ఎర్రటి కొమ్ములు లేపి, కంపు కొట్టి, నన్నే బెదిరించింది. నలిపేద్దామనుకున్నాను. కానీ నలిపేస్తే పిన్నిగారికి ఏం చూపించను? పచ్చడి సీసాలో వేసి, మూతికి పలచటి గుడ్డ కట్టాను.

మిగిలిన ఆకు ఒక్కపూటకి సరిపోయింది. బజారు ఆకుకి మందు కొట్టి ఉంటారని భయం. నిమ్మాకు కూడా తింటుందని నేను పనిచేసే స్కూల్లో సైన్సు మేడమ్ చెప్పారు. నిమ్మచెట్టేమో పిన్నిగారింట్లోనే ఉంది, నా ఖర్మ!

సిగ్గు చంపుకుని సీసా పట్టుకెళ్లి, తప్పైపోయిందన్నాను. ఆవిడ నవ్వలేదు. లేత నిమ్మకొమ్మ తుంచి ఇచ్చారు. రోజూ ఇచ్చారు. మా గోడ మీదికి మాత్రం చెయ్యి రాలేదు. బజారు నుంచి వస్తుంటే ఆవిడ సంచిలో కరివేపాకు కట్ట కనిపించినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనలేదు.

పురుగు నడుముకి సన్నటి దారం చుట్టుకుని, పుల్లకి అంటుకుని గూడైపోయింది. పదిరోజులకి నా మొక్క నాలుగు చిగుళ్లేసింది. ఆ పొద్దున్నే గూడు చిట్లింది. పొయ్యి మీద పాలు వదిలేసి పిన్నిగారిని పిలుచుకొచ్చాను. నలుపు మీద పసుపు మచ్చల సీతాకోకచిలుక, రెక్కలు ఆరేదాకా ఇద్దరం కదలకుండా చూశాం. ఆరాక గోడ దాటి తిన్నగా నిమ్మచెట్టు వైపే పోయింది.

"మా ఆకు తిన్నదిగా, మా ఇంటికే వచ్చిందమ్మాయ్," అని పిన్నిగారు నవ్వారు.

లోపల నా పాలు పొంగిపోయాయి. పోతే పోయాయి. ఆవిడ వెళ్తూ వెళ్తూ, ఉన్న నాలుగు చిగుళ్లలో ఒక రెబ్బ, నన్ను అడక్కుండానే తుంచుకున్నారు.