ఎర్రబడ్డ పసుపు కళ్లం

నాలుగేళ్ల క్రితం జూన్‌లో, జక్రాన్‌పల్లి దాటాక వచ్చే ఒక ఊరి బడిలో ఆర్ట్ పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు బొమ్మలు నేర్పడం నా పని. పార్ట్‌టైమ్ అంటే ఏప్రిల్‌లో ఇంటికి పంపి, జూన్‌లో మనసైతే మళ్లీ పిలుస్తారు. ఆ లెక్కన ముప్పై దాటకముందే నాలుగుసార్లు రిటైరయ్యాను. జ్ఞాపకాలు రాసుకునే హక్కు నాకుంది.

హోదాలో మేము గంట కొట్టే అటెండర్ తర్వాత. ఆయన గంట కొడితే బడి మొత్తం కదులుతుంది. నేను బోర్డు మీద ఏనుగును గీసినా ఎవరూ కదలరు.

దసరా సెలవులయ్యాక మండల విద్యాధికారి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. అప్పటికే శుక్రవారం చివరి పీరియడ్, అంటే నాది, సిలబస్ కోసం తనకిమ్మని సైన్స్ సారు అడుగుతున్నాడు. పెద్దసారు తీర్పు చెప్పారు: వరండా గోడ మీద పిల్లలతో మంచి బొమ్మ వేయిస్తే పీరియడ్ నాకే ఉంటుంది, లేకపోతే సైన్స్‌కు పోతుంది. పిల్లలకు వారంలో ఎక్కాలూ సూత్రాలూ లేని గంట అదొక్కటే.

రంగులకు డబ్బు రాలేదు. పసుపు పండించని ఇల్లు ఆ ఊళ్లో తక్కువ కాబట్టి తలా పిడికెడు తెమ్మన్నాను. తుమ్మజిగురు నీళ్లలో కలిపితే గోడకు పట్టే రంగవుతుంది. ముందురోజే సున్నం వేసిన గోడ మీద బొగ్గుతో పసుపు కళ్లం గీశాం: కుప్పలు, కూలీలు, పైన సూర్యుడు. నేను బోధన్ వైపు వాణ్ని. చెరకు గడను చూసి తీపి చెప్పగలను గానీ పసుపు గుణం తెలియదు.

తనిఖీ రోజు పొద్దున మొదటి కుప్పకు రంగు వేయగానే ఎర్రబడింది. రెండో పూత వేస్తే ఇంకా ఎర్రబడింది. ఏడో తరగతిలో అందరికన్నా బాగా గీసే రజిత పక్కనే నిమ్మళంగా నిలబడింది.

"సున్నం తాకితే పసుపు ఎర్రగైతది సార్. మా అవ్వ దిష్టి నీళ్లు గట్లనే కలుపుతది."

ముందే చెప్పొచ్చు కదా అన్నాను.

"మీకు ఎర్రగనే కావాలెనేమో అనుకున్న. మీరు ఆర్ట్ సారు గదా."

అధికారి వచ్చి, ఎండుమిర్చి కళ్లం బాగుందని మెచ్చుకున్నారు. అది మిర్చి కాదు, పసుపేనని రజిత చెప్పేసింది. పెద్దసారు నావైపు చూసిన చూపులో నా పీరియడ్ పాడె ఎక్కింది. అంతదాకా స్టాఫ్‌రూం గుమ్మంలో టీ తాగుతూ చూస్తున్న సైన్స్ సారు అప్పుడు ముందుకొచ్చి, ఆమ్లాలు, క్షారాల పాఠాన్ని గోడ మీద ప్రయోగంగా చేయించామని వివరించాడు.

అధికారి మహా సంతోషించారు. ఇలాంటివి వారం వారం జరగాలన్నారు. సోమవారానికల్లా టైంటేబుల్‌లో నా పీరియడ్ పేరు 'సైన్స్ కృత్యాలు' అయింది. బొమ్మ పాడైనందుకు కాదు, నచ్చినందుకు పోయింది.

శుక్రవారం ఏ ప్రయోగం చేద్దామని సైన్స్ సారు అడిగితే, వెనక గోడ ఖాళీగా ఉందని రజిత గుర్తు చేసిందట. పిల్లలందరూ పసుపు పొట్లాలతోనే వచ్చారు. ఆయనకు స్కేలు పెట్టినా గీత వంకరపోతుంది. కాసేపటికి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"తమ్మీ, జర వస్తవా? వీళ్లు నా మాట వింటలేరు."

ఆ ఏడు ఏప్రిల్ దాకా ప్రతి శుక్రవారం ఆయన కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దుకున్నాడు, మేము గోడలు నింపాం.

ఇందులో నేను నేర్చుకున్నవి రెండు. పీరియడ్ ఎవరి పేరున ఉన్నా, గోడ కావాలని పిల్లలు అడిగినంతకాలం డ్రాయింగ్ సారుకు పని ఉంటుంది. ఎర్ర రంగు కొనక్కర్లేదు.