కొంచెం ఫ్రీగా కుట్టమ్మాయ్

అప్పట్లో నాకు తెలుగు అక్షరాలే రావు, ఇక ఇంగ్లీషు సంగతి చెప్పేదేముంది. అయినా ఇంగ్లీషు మాట లేకుండా మా పటమటలో పూట గడిచేది కాదు. అందులో ‘ఫ్రీ’ అనే మాట ఒక్కటే పదిమంది కూలీల పని చేసేది. సబ్బు కొంటే చెంచా ఫ్రీ. టైలరు మాస్టారు ఫ్రీగా ఉన్నప్పుడు కబురు చెయ్యమనేవాళ్ళు. బెంజ్ సర్కిల్ ఫ్రీగా ఉంటే బస్సు తొందరగా వచ్చేది. పెళ్ళిచూపులకు వచ్చినాయన ‘ఫ్రీగా మాట్లాడండి, పర్లేదు’ అన్నాడు. మాట్లాడాను. ఆయన మళ్ళీ రాలేదు. మా పిన్నిని డాక్టరు ‘విరేచనం ఫ్రీగా అవుతోందామ్మా?’ అని అడిగితే, ‘ఫ్రీగా ఎక్కడవుతుంది బాబూ, డబ్బులు పోసి మాత్రలు మింగితేనేగా!’ అంది. ఇవన్నీ తలుచుకుని నవ్వుకుంటూ రాద్దామనే కూర్చున్నాను. నలభై దాటాక నేర్చుకున్న రాత కాబట్టి చెయ్యి నెమ్మదిగా నడుస్తుంది. ఆ నెమ్మదిలో లెక్కల టీచరమ్మ గుర్తుకొచ్చింది. ఇక నవ్వు ఎంతవరకు సాగుతుందో చూడాలి.

చల్లపల్లి పక్క పల్లె నుంచి పిన్ని ఇంటికి వచ్చి, సాయిబు మాస్టారి లేడీస్ టైలరు షాపులో చేరేనాటికి నాకు ఇరవయ్యేళ్ళు. మాస్టారు కత్తెర పడితే తిరుగులేదు కానీ ఆడవాళ్ళకు కొలత తీసేవారు కాదు. ‘అది నా పద్ధతి కాదమ్మా’ అనేవారు. అందుకని ఆది జాకెట్టు తేనివాళ్ళను తెర వెనక్కి తీసుకెళ్ళి కొలవడం నా పని. టేపు మీద అంకెలు నాకు రావు. దానికి నేనే ఒక దారి కనిపెట్టుకున్నాను. ఒక్కొక్కరికి ఒక్కో మందపాటి దారం. కొస నుంచి కొలిచి ఛాతీ దగ్గర ఒక ముడి, నడుము దగ్గర జంట ముడి, చెయ్యి పొడవు దగ్గర మూడు ముడులు. (నాకు పడని మూడు ముడులు పటమటలో ఆడవాళ్ళందరికీ నేను వేశాను.) దారం చివర వాళ్ళ జాకెట్టు గుడ్డ ముక్క కట్టి గోడ మేకుకు తగిలించేదాన్ని. మాస్టారు ఆ దారాన్ని టేపు మీద పరుచుకుని గుడ్డ కత్తిరించేవారు. మళ్ళీ వచ్చినప్పుడు పాత దారమే పనికొచ్చేది. ఒక్కటీ తప్పు పోలేదని నాకు మహా గర్వం. ఆ గర్వం నడిచే తీరులో కూడా కనిపించేదని పిన్ని అనేది.

లెక్కల టీచరమ్మ మా షాపుకు పాత ఖాతాదారు. మనిషి నిండుగా ఉండేది. వచ్చినప్పుడల్లా ఒకటే మాట: “కొంచెం ఫ్రీగా కుట్టమ్మాయ్, బోర్డు మీద రాస్తుంటే చంకల్లో పట్టేస్తోంది.” అలాగే కుట్టేవాళ్ళం. ఆ యేడు బడులు తెరిచినప్పుడు కొత్తగా కొలిచి మూడు జాకెట్లు కుట్టి ఇచ్చాం. వానలు పడుతుండగా ఒకటి తిరిగొచ్చింది. “ఫ్రీగా అన్నాను కానీ, ఇద్దరు దూరేట్టు కుడతావా?” అంది. పక్క కుట్టు వేసి బిగించాను. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. మళ్ళీ బిగించాను. దసరా అయ్యాక మూడూ సంచిలో వేసుకుని వచ్చి బల్ల మీద కుమ్మరించింది. ఆవిడ వెళ్ళాక మాస్టారు కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

“ఏమ్మా, నీ దారాలు సాగుతున్నాయా?”

“దారం సాగలేదు మాస్టారూ.”

“మరి జాకెట్టు సాగిందా? సంక్రాంతి దాకా చూస్తాను. తర్వాత టేపు చదవగలిగే పిల్లను పెట్టుకోవాలి. నువ్వు కాజాలు కుట్టుకుందువు గాని.”

కాజాలు! కొలతల నుంచి కాజాలకు దిగడమంటే కండక్టరును బస్సు కడగమన్నట్టు. ఆ రాత్రి అన్నం తినలేదు. ఆవిడ మీద కోపం, అంకెల మీద కోపం, నన్ను బడికి పంపని మా నాన్న మీద కోపం. ఒక్కసారైనా ‘ఆవిడ ముఖం అలా పీక్కుపోయిందేంటి?’ అని నా బుర్రకు తట్టలేదు. నాకు కనిపించింది జాకెట్టు, మనిషి కనిపించలేదు.

క్రిస్మస్ ముందు శనివారం. షాపు నిండా ఆడవాళ్ళు, కొత్త బట్టల హడావిడి. టీచరమ్మ ఆ పాత దారం కొలతకే పండక్కి కుట్టించుకున్న పట్టుజాకెట్టు పట్టుకుని వచ్చింది. “మాస్టారూ, ఇది చూడండి, గోనెసంచి నయం! అంకె రానివాళ్ళ చేత కొలతలేంటండీ అసలు?” అంది, అందరూ వినేట్టు. ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, నాకు ఒళ్ళు తెలియలేదు. మేకు మీంచి ఆవిడ దారం లాగాను. తెర వెనక్కి కూడా తీసుకెళ్ళలేదు.

“చేతులెత్తండి టీచరుగారూ.”

“ఏంటే ఇది?”

“ఎత్తండి, లెక్క తేలిపోద్ది.”

ఆవిడా లెక్కల మనిషే కదా, పంతానికి ఎత్తింది. చీర మీదుగానే దారం చుట్టాను. ముడి ఆగాల్సిన చోట ఆగలేదు. దాటి అవతలికి పోయింది. మిగిలిన దారం మీద నా వేళ్ళు పెట్టి అందరికీ చూపించాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు వేళ్ళు. “చూశారా! చీర మీదే నాలుగు వేళ్ళు. నా ముడి కదల్లేదు. మీరే తగ్గారు!” అన్నాను. కోర్టులో కేసు గెలిచినట్టు నిలబడ్డాను.

“అదృష్టవంతులండీ, ఏం తింటున్నారో మాకూ చెప్పండి” అని ఒకావిడ నవ్వింది. మూల స్టూలు మీద కూర్చున్న ముసలామె మాత్రం నవ్వలేదు. “అన్నం సయిస్తోందా తల్లీ?” అని మెల్లగా అడిగింది. మిషన్లు ఆగాయి. టీచరమ్మ చేతులు దించి, దారం నా దగ్గర్నుంచి తీసుకుని, ఆ నాలుగు వేళ్ళ మేర వంకే చూసింది.

“ఎప్పటిదే ఈ దారం?”

“బడులు తెరిచినప్పటిదండీ.”

పెదాలు కదిలాయి. నెలలు లెక్క పెట్టుకుంటోంది. తర్వాత, “కాసిని మంచినీళ్ళిస్తావా?” అంది. జాకెట్టు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మాస్టారు నాతో అన్నదొకటే: “గెలిచావులేమ్మా. ఇక కూర్చో.”

కడుపులో గడ్డ. కొత్త సంవత్సరం రాగానే ఆపరేషన్ చేశారు. ఆవిడ భర్త యాపిల్ పళ్ళు తీసుకుని షాపుకొచ్చి, “ఇంకో రెండు నెలలైతే చేసేదేం లేదన్నాడమ్మా డాక్టరు. ఎవరు కనిపెట్టారని అడిగితే మా టైలరమ్మాయని చెప్పాను” అన్నాడు. మాస్టారు నా కొలతల పని నాకే ఉంచారు. నేను ఆ పళ్ళంత లావున ఉబ్బిపోయి, ఆదివారం ఆసుపత్రికి వెళ్ళాను. మెచ్చుకుంటుందనే వెళ్ళాను, దాచడమెందుకు.

ఆవిడ నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకుంది. “నాకు ముందే తెలుసే” అంది. “ముద్ద దిగట్లేదని తెలుసు. ఇంట్లో ఎవరైనా చిక్కిపోయావంటే, ‘నాకేం కాలేదు, ఆ పిల్ల జాకెట్టు తప్పు కుట్టింది’ అనేదాన్ని. నీదే తప్పయితే నేను బాగున్నట్టేగా. నిన్ను తిట్టిన రోజు కాస్త అన్నం కూడా తినేదాన్ని. ఇంకొన్నాళ్ళు తిట్టుకోనివ్వలేదు నువ్వు.”

దానికి ఏదైనా మంచి మాట చెప్పాలి కదా. నేను చెప్పింది: “మీ తిట్లకు నన్ను కాజాల్లోకి దింపేవారండీ.”

ఆవిడ ఫక్కున నవ్వి, వెంటనే పొట్ట పట్టుకుంది. “నవ్వించకే, కుట్లు లాగుతున్నాయి. ఈ డాక్టరు నీకంటే అన్యాయంగా కుట్టాడు.” నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, జలుబు వంక పెట్టి.

తర్వాత రెండేళ్ళు బతికింది. మధ్యలో కొన్నాళ్ళు బడికి కూడా వెళ్ళింది. జాకెట్లు నేనే ఇంటికి పట్టుకెళ్ళేదాన్ని. కొలవకుండా, కంటితో చూసి కుట్టేదాన్ని. ప్రతిసారీ కొంత తగ్గించే కుట్టేదాన్ని. ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. “ఈసారి సరిగ్గా కుట్టావే” అనేది. ఒక పొద్దున ఆవిడ భర్త ఆఖరి జాకెట్టుకు తెల్లగుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను కొలత చెప్పబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. తనే కత్తిరించారు. నేను కుట్టాను. మధ్యాహ్నం సమాధుల తోటలో మట్టి వేసి వచ్చి, మళ్ళీ మిషన్ ముందు కూర్చున్నాం.

ఇప్పుడు షాపు నాదే. ఎవరైనా జాకెట్టు వదులైందని గొడవకొస్తే, ‘పొరపాటు నాదేనండీ’ అని ముందు ఒప్పుకుంటాను. తెర వెనక్కి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, ఒకసారి డాక్టరుకు చూపించుకోమంటాను. ‘నువ్వు టైలరువా, నర్సువా?’ అని కసిరినవాళ్ళూ ఉన్నారు. కసరనీ. దారం పట్టుకుని నలుగురిలో ఎగిరిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల అప్పుడప్పుడూ కళ్ళ ముందుకొస్తుంది. చెవి పట్టుకుని మెలిపెట్టాలనిపిస్తుంది. కానీ అది నోరు మూసుకుని మర్యాదగా ఉండి ఉంటే, టీచరమ్మకు ఆ రెండేళ్ళు ఎక్కడివి? అందుకే చెవి వదిలేస్తాను. ‘కూర్చోవే మొద్దూ’ అంటాను, దాని కోసం కూడా ఒక టీ చెప్పి.