సీసాల అచ్చాయమ్మ

ఎదుర్లంకలో ఆవిడను సీసాల అచ్చాయమ్మ అనేవారు. గోదావరి పాయ దాటితే అవతల యానాం, ఫ్రెంచివాళ్ళ ఊరు. పన్నెండేళ్ళపాటు ఆవిడ ఆదివారం తప్ప రోజూ పొద్దున్నే పడవెక్కి ఆ ఒడ్డుకు వెళ్ళి, పొద్దు వాలేవేళకు తిరిగి వచ్చేది.

పుట్టిందీ మెట్టిందీ సేద్యం చేసుకునే ఇళ్ళే. 1839 ఉప్పెనలో మొగుడు కొట్టుకుపోయాడు. ఉన్న కాస్త పొలంలోనూ సముద్రపు నీళ్ళు నిలిచి, ఎండాక తెల్లగా ఉప్పు తేలింది. పిల్లలు లేరు. తమ్ముడు తాతబ్బాయి వచ్చి తన ఇంటికి తీసుకుపోయాడు. తమ్ముడి పెళ్ళాం ఏనాడూ మాట తూలలేదు. అయినా కంచం ముందు కూర్చున్నప్పుడల్లా అచ్చాయమ్మకు ఎవరి ముద్దో తాను తింటున్నట్టుండేది. యానాంలో లార్వాల్ దొరల గిడ్డంగిలో సీసాలు కడిగే మనుషులు కావాలని పడవలో ఎవరో అనుకుంటుంటే విని, తమ్ముణ్ణి అడిగింది.

"సారా కొట్టు కదక్కా. మనోళ్ళు ఏవంటారో" అన్నాడు తాతబ్బాయి.

"కడగటవే కదరా. లోపల ఏవుంటే నాకెందుకు."

కులపెద్దలు రెండు రోజులు ఆలోచించి, కడిగితే కడగనివ్వండి, నోట పెట్టకుండా ఉంటే చాలన్నారు.

లార్వాల్ వాళ్ళది ఫ్రాన్సు దేశంలో పేరున్న ఇల్లు. బోర్దో పట్నం దాపున తాతముత్తాతల నాటి ద్రాక్షతోటలున్నాయి. ఆ తోటల ఎర్ర సారా రాజుల విందుల్లో పోస్తారని చెప్పుకునేవారు. ఆ ఇంటి చిన్న కొడుకు ఎమీల్ దొర యానాంలో కొట్టు పెట్టాడు. ఏడాదికోసారి ఓడలో పీపాలు వచ్చేవి. వాటిలోని సారాను ఇక్కడ సీసాల్లోకి దించి, బిరడా బిగించి, పైన లక్క పోసి, ఇంటి ముద్ర వేసి అమ్మేవారు. ఎమీల్ దొర గదిలో గోడకు ఆ తోట బొమ్మ ఒకటి వేలాడేది. ఒకరోజు అచ్చాయమ్మ దాన్ని చూస్తూ నిలబడిపోతే, దొర తనకు వచ్చిన తెలుగులో చెప్పాడు.

"అది మట్టి కాదు, అచ్చాయమ్మ. గులకరాళ్ళు."

"రాళ్ళలో ఏం పండుద్దండి?"

"మంచి నేలలో ఆకు ఎక్కువ. చెడ్డ నేలలో పండు బాగుంటుంది."

ఆ మాట ఆవిడకు నచ్చింది. ఇంటికి వచ్చి తమ్ముడికి చెబితే, వరి పండించుకునే తాతబ్బాయి నమ్మలేదు.

మొదట ఇసకతో సీసాలు తోమింది. తరవాత బిరడాలు బిగించింది. నాలుగో ఏడు, ఓడ దిగిన పీపాల మూతలు తీస్తున్నప్పుడు, ఇందులో ఒకటి పులిసిందండి అని దూరంనుంచే చెప్పింది. దొర రుచి చూస్తే నిజమే. అప్పటినుంచి దొర ప్రతి పీపానూ ముందు ఆవిడ ముక్కుకు చూపించేవాడు. లార్వాల్ సారా వాసన ఎలా ఉంటుందని దుబాసీ సూర్యారావు పంతులు ఒకసారి అడిగాడు. దొరలకూ మనవాళ్ళకూ మధ్య మాటలు అటూ ఇటూ చెప్పే ఉద్యోగం ఆయనది. మగ్గిన నేరేడుపళ్ళూ, ఆరిన లంక పొగాకు కట్టా ఒకచోట పెట్టినట్టుంటుందండి అని చెప్పింది. దొర ఆ మాట విని ఎంత మురిసిపోయాడంటే, ఫ్రాన్సులో ఉన్న అన్నగారికి ఉత్తరంలో రాశాడు. ఆ ఒక్క రోజు అచ్చాయమ్మ ఇంటికి నవ్వుకుంటూ వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక తనకంటూ ఒక విద్య ఉందని ఆవిడకు తెలిసింది అప్పుడే.

కోనసీమలో కాలువల తవ్వకం మొదలయ్యాక ఇంగ్లీషు దొరలు ఎక్కువయ్యారు. లార్వాల్ సీసాలకు గిరాకీ పెరిగింది. సరిగ్గా ఆ ఏడే ఓడ రాలేదు. గిడ్డంగిలో నాలుగు పీపాలే మిగిలాయి. ఆ నాలుగూ ఎంత దించినా తరగడం లేదని అచ్చాయమ్మ గమనించింది. ఒక సోమవారం మూత తీయగానే వాసన మారింది. తాటిబెల్లపు సారా ఘాటు, బట్టలకు ఎర్ర రంగు వేసే చెక్క వగరు, వాటి అడుగున ఎక్కడో నేరేడుపండు.

"దొరగారండి, ఈ పీపాలో ఏదో కలిసిందండి" అంది.

ఎమీల్ దొర ఆవిడ మొహం చూడలేదు. "నీ పని నువ్వు చెయ్యి" అన్నాడు.

ఆవిడ చేసింది. ఆ సీసాలకు బిరడాలు బిగించి, లక్క పోసి, ముద్ర కూడా తన చేత్తోనే వేసింది. పని పోతే మళ్ళీ తమ్ముడి కంచమే కదా అనుకుంది. ఆ ఒక్క సంగతిలో మాత్రం తప్పు తనదేనని చివరిదాకా ఒప్పుకునేది.

ఏడాది తిరక్కుండా ఇంగ్లీషు దొరలనుంచి ఫిర్యాదులు వెళ్ళాయి. అవి ఫ్రాన్సుదాకా పోయాయి. ఎమీల్ దొర అన్నగారి కొడుకు అన్రీ దొర ఓడ దిగాడు. ముప్పై ఏళ్ళుండవు. మనిషి నెమ్మది. ఇంటి పేరు నిలబెట్టమని తండ్రి పంపాడట. వచ్చిన మూడో రోజు అచ్చాయమ్మను పిలిపించి, బల్లమీద ఆరు గ్లాసులు పెట్టించాడు. పక్కన సూర్యారావు పంతులు నిలబడ్డాడు.

"అమ్మా, వీటిలో ఏది అసలైందో చెప్పమంటున్నారు" అన్నాడు పంతులు.

ఆవిడ గ్లాసు ముట్టకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కోదాని మీదికి వంగి వాసన చూసింది. "ఇదీ, ఆ చివరిదీ అసలైనవండి. మిగతా నాలుగూ కలిపినవి."

అన్రీ దొర గ్లాసుల అడుగున అంటించిన కాగితాలు తిప్పి చూసుకున్నాడు. లేచి నిలబడి, ఆవిడకు తల వంచి ఏదో అన్నాడు.

"మీలాంటి ముక్కు వాళ్ళ తోటలో కూడా లేదంటున్నారు" అని పంతులు చెప్పాడు. తరవాత గొంతు తగ్గించాడు. "ఎవరు కలిపేరని అడుగుతున్నారు."

"ఆదివారాలు నేను రానండి. గిడ్డంగి తాళం ఎమీల్ దొరగారి దగ్గరే ఉంటుందండి" అంది.

పంతులు దాన్ని ఫ్రెంచిలో చెప్పాడు. కుర్ర దొర కిటికీ వైపు తిరిగాడు. ఇక వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు.

రెండు రోజుల తరవాత కొట్టు ముందు పందిరి వేశారు. కొనుగోలుదార్లయిన ఇంగ్లీషు దొరలు నలుగురు వచ్చారు. పనివాళ్ళందరినీ నిలబెట్టారు. ఎమీల్ దొర కుర్చీలో తల వంచుకు కూర్చున్నాడు. అన్రీ దొర కాగితం చూసి చదివాడు. సూర్యారావు పంతులు తెలుగులో చెప్పాడు. సీసాలు నింపే ఆడమనిషి రహస్యంగా సారా తాగి, లోటు కనబడకుండా నాటుసారా కలిపిందని, లార్వాల్ వారికి ఇందులో ఏ పాపమూ తెలియదని, దయతలచి ఆవిణ్ణి జైలుకు పంపకుండా పనిలోంచి మాత్రం తీసేస్తున్నారని.

అచ్చాయమ్మకు మొదట తన గురించేనని అర్థం కాలేదు. అందరూ తనవైపు చూశాక అర్థమైంది.

"పంతులుగారండీ, మీరు అక్కడే ఉన్నారు కదండీ" అంది.

ఆవిడ ఏమంటోందని అన్రీ దొర పంతులును అడిగాడు. ఆయన ఏమీ లేదని చెప్పినట్టున్నాడు, దొర కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆవిడ రేవుకు చేరేసరికి వెనకాలే పంతులు వగరుస్తూ వచ్చాడు. "ఇంటి పేరు పోతుందమ్మా వాళ్ళకి. సొంత బాబాయిని ఎలా పట్టిస్తాడు? నాకూ పిల్లలున్నారు" అన్నాడు.

"నాకూ పేరుందండి" అని ఆవిడ పడవెక్కింది.

ఆ కబురు అదే పడవలో ఎదుర్లంక చేరింది. సాయంత్రానికి కులపెద్దలు తాతబ్బాయి వాకిట్లో కూర్చున్నారు. నోట పెట్టకుండా ఉంటానన్న మాట తప్పిందన్నారు. రుచి చూడకుండా తేడా ఎలా తెలుస్తుందని ఒకాయన అడిగాడు. వాసనతో తెలుస్తుందండి అని ఆవిడ చెబితే నవ్వారు. కుండ వేరు, కంచం వేరు, నీళ్ళ రేవు వేరు అని తీర్పు చెప్పి లేచారు.

"నువ్వు ముట్టలేదని నాకు తెలుసక్కా" అన్నాడు తాతబ్బాయి వాళ్ళు వెళ్ళాక. "అంతమందికి నేనేం చెప్పను?"

"వాళ్ళ ముందు చెప్పలేకపోయావు. నాకు చెప్పి ఏం లాభం?" అంది.

కొబ్బరితోట చివర తమ్ముడు ఒక పాక వేసి ఇచ్చాడు. ఆవిడ కొబ్బరి పీచు నానబెట్టి తాళ్ళు పేనుకుంటూ బతికింది. యానాంలో లార్వాల్ కొట్టు మామూలుగానే నడిచింది. ఎమీల్ దొర ఆరోగ్యం బాగోలేదని స్వదేశం వెళ్ళిపోయాడు. అక్కడ ఆ తోటల్లోనే హాయిగా ఉన్నాడని తరవాత తెలిసింది.

విచిత్రం ఏమిటంటే, ఆవిడ ముక్కును ఊరు వదల్లేదు. నెయ్యి కొన్నా, నువ్వులనూనె కొన్నా, కల్తీ ఉందేమో చూడమని ఆడవాళ్ళు చిన్న గిన్నె తెచ్చి కంచె అవతలే పెట్టి దూరంగా జరిగేవారు. ఆవిడ వచ్చి వంగి వాసన చూసి చెప్పి, వెనక్కి వెళ్ళిపోయేది. గిన్నె ముట్టుకునేది కాదు. ఆవిడ చెప్పిందే నమ్మి వాళ్ళు బేరం తేల్చుకునేవారు. ఎవరూ లోపలికి రమ్మనలేదు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. పెద్దల్లో సగంమంది పోయారు. మిగిలినవాళ్ళ మనసు మెత్తబడిందని తాతబ్బాయి ఒక ఉదయం పాక దగ్గరికి వచ్చాడు. జుట్టు నెరిసింది. కళ్ళలో సంతోషం కనబడుతోంది.

"గోదాట్లో మూడు మునకలేసి, పదిమంది ముందు తప్పయిపోయిందని ఒక్క మాట అంటే చాలంటక్కా. నిన్ను కలిపేసుకుంటారు. మన ఇంటికి వచ్చేద్దువుగాని."

అచ్చాయమ్మ తాడు పేనడం ఆపలేదు. "ఏ తప్పురా?"

"మాటకే కదక్కా."

"మునుగుతాను. రోజూ మునుగుతూనే ఉన్నాను. ఆ మాట మాత్రం అనను."

"ఎన్నాళ్ళిలా?"

"నువ్వింటికెళ్ళు, ఎండెక్కుతోంది" అంది.

తాతబ్బాయి మధ్యాహ్నందాకా అక్కడే కూర్చున్నాడు. చివరికి ఏడ్చాడు కూడా. ఆవిడ మంచినీళ్ళు ఇవ్వబోయి, తన కుండలో నీళ్ళు అతను తాగకూడదని గుర్తొచ్చి, చెంబు కింద పెట్టేసింది. అతను ఆ చెంబు వైపు చూశాడు. తియ్యలేదు.

ఆ తరవాత ఆవిడ ఇంకో ఏడేళ్ళు ఆ పాకలోనే ఉంది. ఒక వానాకాలం జ్వరం వచ్చి చనిపోయింది. చితికి కట్టెలు తాతబ్బాయి ఒక్కడే మోశాడు.